పేరుకి చీమ... తీరుకి కందిరీగ!

చూడ్డానికి ఎర్ర మఖమల్ గుడ్డ చుట్టుకున్న గండుచీమలా ఉంటుంది. ఎండ మాడ్చేస్తున్నా లెక్కచేయకుండా ఇసుకలో అటూ ఇటూ పరుగులు పెడుతుంటుంది. ముద్దుగా ఉంది కదాని వేలు పెట్టామా... ఇక అరగంటదాకా ఆ వేలు మనది కాదు!

అమెరికా తూర్పు, దక్షిణ రాష్ట్రాల్లో వేసవి వచ్చిందంటే ఇసుక నేలల్లో, పచ్చిక బయళ్లలో కనిపించే పురుగు ఇది. ఫ్లోరిడా, జార్జియా మొదలుకుని టెక్సాస్ దాకా అందరికీ తెలుసు. అక్కడివాళ్లు దీన్ని 'కౌ కిల్లర్' అంటారు. అంటే ఆవుని చంపేది అని. 'వెల్వెట్ యాంట్' అని కూడా అంటారు. మఖమల్ చీమ అని. రెండు పేర్లూ తప్పే! దీని కాటుకి ఆవు చచ్చిపోయిన దాఖలాలు లేవు. 'అబ్బ, ఎంత నొప్పి... ఆవైనా చచ్చిపోతుంది' అని కుట్టించుకున్నవాళ్లు అన్న మాటే పేరై కూర్చుంది. ఇక చీమంటారా, అది అస్సలు చీమ కాదు. కందిరీగ. రెక్కల్లేని కందిరీగ! శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరు డాసిముటిల్లా ఆక్సిడెంటాలిస్.

మఖమల్ అనగానే తెలుగువాళ్లకి ఆరుద్ర కార్తె గుర్తొస్తుంది. తొలకరికి తడిసిన చేలగట్ల మీద ఎర్రటి పట్టు గుండీల్లా పాకే ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెలో దాచుకుని ఆడుకున్న బాల్యం చాలామందిది. దానికీ దీనికీ రంగులోనూ మెత్తదనంలోనూ పోలికే తప్ప చుట్టరికం లేదు. ఆరుద్ర పురుగుకి కాళ్లు 8. అది సాలీళ్లు, తేళ్ల వైపు బంధువు. కుట్టడం దానికి చేతకాదు, ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటుంది. మఖమల్ చీమకి కాళ్లు 6. తల, రొమ్ము, పొట్ట వేరువేరుగా కనిపిస్తాయి. ముట్టుకుంటే ముడుచుకోదు, ముల్లు బయటికి తీస్తుంది! ఈ కుటుంబానికి చెందిన పురుగులు మన దేశంలోనూ ఉన్నాయి కాబట్టి పిల్లలకి ఈ తేడా చెప్పి ఉంచడం మంచిదే.

చీమకీ దీనికీ తేడా ఏంటి?

చీమ మీసాల్ని చూడండి. మోచేతి దగ్గర మడిచిన చెయ్యిలా మధ్యలో వంపు తిరిగి ఉంటాయి. మఖమల్ చీమ మీసాలు అలా ఉండవు. దారంలా సాఫీగా వంగుతాయి. చీమ నడుములో ఒకటో రెండో బుడిపెలు పూసల్లా తేలి కనిపిస్తాయి. దీనికి ఆ పూసలు లేవు. ఒళ్లంతా బిరుసు వెంట్రుకలు దట్టంగా ఉంటాయి. ఆ వెంట్రుకలవల్లే మఖమల్ పేరు. పైగా చీమలంటే పుట్ట, రాణి, వేలకొద్దీ కూలీలు. ఇది ఒంటరి పక్షి. పుట్టా లేదు, రాణీ లేదు. ఎవరి బతుకు వాళ్లదే.

ఈ జాతి ఆడది దాదాపు 2 సెంటీమీటర్ల పొడవుంటుంది. నల్లటి ఒంటి మీద నారింజ కలిసిన ఎరుపు వెంట్రుకలు. పొట్టకి అడ్డంగా నల్లటి పట్టీ. మగదానికీ ఎరుపు ఉంటుంది కానీ అది ఆడదానికంటే చిన్నది, పైగా దానికి పొగచూరినట్టుండే నల్లటి రెక్కలుంటాయి. హాయిగా ఎగురుతుంది. ముల్లు మాత్రం లేదు. కందిరీగల జాతిలో ముల్లంటే గుడ్లు పెట్టే గొట్టమే మారిపోయి ఆయుధమైంది. గుడ్లే పెట్టని మగదానికి ఆ ఆయుధం ఎక్కడినుంచి వస్తుంది! అంటే ఒక్క జంటలో ఒకరికి రెక్కలు, ఇంకొకరికి ముల్లు. పంపకం భలేగా ఉంది కదూ. ఈ పంపకమే తర్వాత శాస్త్రవేత్తల్ని తిప్పలు పెట్టింది. ఆ కథకి కాసేపాగి వద్దాం.

రెక్కలు లేకపోవడమంటే ఒంటిమీద రెండు జతల పొరలు తగ్గడం ఒక్కటే కాదు. మామూలు కందిరీగ రొమ్ము పైభాగం చాలా పలకలు అతికినట్టు ఉంటుంది. వాటి మధ్య అతుకులు స్పష్టంగా కనిపిస్తాయి. రెక్కల్ని ఆడించే కండరాలకి ఆ ఏర్పాటు కావాలి మరి. ఆడ మఖమల్ చీమకి ఎగిరే పనే లేదు. అందుకని అతుకులన్నీ చెరిగిపోయి రొమ్ము ఒకటే గట్టి డబ్బాలా తయారైంది. ఇదెంత గట్టిదో చెప్పాలంటే, పురుగుల్ని సేకరించేవాళ్లు పెట్టెలో గుచ్చి పెట్టుకునే స్టీలు సూది కూడా దీని ఒంట్లోకి ఓ పట్టాన దిగదు. తేనెటీగని నలిపెయ్యడానికి కావలసిన బలానికి 11 రెట్లకు పైగా వేస్తే తప్ప ఇది నలగదని జస్టిన్ ష్మిట్, ముర్రే బ్లమ్ అనే శాస్త్రవేత్తలు 1977లో లెక్కగట్టారు.

పొట్ట రెండో ఖండానికి పక్కన సన్నటి గీతలా వెంట్రుకల వరస ఒకటుంటుంది. పైనున్న రంగుల మఖమల్‌ని చూసేవాళ్లకి అది కనపడదు. కానీ ఈ కుటుంబాన్ని గుర్తుపట్టాలనుకునే శాస్త్రవేత్త భూతద్దం పెట్టి ముందు వెతికేది ఇలాంటి గుర్తుల్నే.

ఎవరి ఇంట్లో ఎవరి బిడ్డ...

ఇంతకీ ఎగిరే జీవికి రెక్కలు ఎందుకు పోయినట్టు? ఆడదాని పనంతా నేలలో కాబట్టి. ఇరుకు బొరియల్లో దూరి, మట్టి తవ్వి వెళ్లాల్సినదానికి రెక్కలు అడ్డమే.

కందిరీగ గొంగళిపురుగుని తెచ్చి మట్టిగూట్లో పెట్టి, చుట్టూ ఝుమ్మని తిరుగుతుంటే ఆ పురుగు కూడా కందిరీగ అయిపోతుందని పెద్దలు 'భ్రమరకీట న్యాయం' చెబుతుంటారు. వేదాంతానికి చక్కటి ఉపమానమే. గూట్లో జరిగేది మాత్రం వేరు. తల్లి కందిరీగ గొంగళిని కుట్టి కదలకుండా చేసి, దాంతోపాటు గుడ్డు పెట్టి, గూడు మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ గొంగళిని తిని పెరుగుతుంది. కొన్నాళ్లకి గూడు చీల్చుకుని బయటికొచ్చేది ఆ బిడ్డే తప్ప మారిపోయిన గొంగళి కాదు.

మఖమల్ చీమ ఇంకో మెట్టు పైకెక్కింది. వేటాడే శ్రమ కూడా దానికి అక్కర్లేదు. వేటాడి, గూడు కట్టి, పిల్లల్ని దాచిన ఇంకో కందిరీగ ఇంట్లో దూరుతుంది! చీమలు పెట్టుకున్న పుట్టలో పాము చేరిన సామెత ఇలాంటివాళ్ల కోసమే పుట్టినట్టుంది.

అమెరికాలో చెట్ల మీద చేరి చెవులు చిల్లులు పడేలా అరిచే సికాడా అనే పురుగులుంటాయి. వాటిని వేటాడే పెద్ద కందిరీగ ఒకటుంది. పేరు 'సికాడా కిల్లర్'. అది నేలలో బొరియ తవ్వుతుంది. సికాడాని పట్టి, కుట్టి, తన ఒంటికన్నా బరువైన ఆ సరుకుని మోసుకొచ్చి బొరియ గదిలో పెడుతుంది. మగబిడ్డ పుట్టే గుడ్డయితే సాధారణంగా ఒక సికాడా, ఆడబిడ్డయితే రెండో ఇంకా ఎక్కువో! గుడ్డు పెట్టి గది మూసేస్తుంది. పిల్ల సికాడాని తిని, బలిసి, తన చుట్టూ గూడు అల్లుకుని నిద్రపోతుంది. మన కథానాయిక కాచుకుని ఉండేది ఈ ఘడియ కోసమే. ఎండలో మీసాలతో నేలని తడుముతూ తిరిగేది ఇలాంటి బొరియల కోసమే. దొరికిందా, లోపలికి దూరి గూడుకి కన్నం వేసి, నిద్రపోతున్న పిల్ల మీద గుడ్డు పెట్టి, చల్లగా బయటపడుతుంది. తల్లి కష్టపడి మోసిన సికాడా పిల్ల ఒంట్లోకి చేరింది. ఆ పిల్ల ఇప్పుడు మఖమల్ చీమ పిల్ల కడుపులోకి వెళ్తుంది. ఇంటి యజమాని తిరిగొచ్చి కుట్టబోయినా ఆ ఒంటికి ముల్లు దిగడం కష్టం. గట్టి డబ్బా ఒళ్లు అసలు పనికొచ్చేది ఇక్కడే.

ఇలా ఆశ్రయమిచ్చిన ప్రాణిని చివరికి చంపేదాకా తినే కందిరీగలు లోకంలో వేలకొద్దీ ఉన్నాయి. వాటిని రైతులు ఎప్పుడో పనిలో పెట్టేశారు. చెరకు, వరి పొలాల్లో ఆకులకి తగిలించే ట్రైకోగ్రామా కార్డుల్లో ఉండేవి ఇలాంటి బుల్లి కందిరీగలే. కొబ్బరి ఆకుని తినేసే నల్లతల గొంగళి మీదికి కోనసీమ తోటల్లో వదిలే గోనియోజస్ కూడా ఈ బాపతే. వాటికి రెక్కలున్నాయి, మఖమల్ చీమకి లేవు. అంతే తేడా.

ఎవరికీ అరగని పురుగు

ఎగరలేని పురుగు పట్టపగలు, ఎర్రటి బట్టలేసుకుని, ఇసుకలో ఒంటరిగా తిరుగుతోందంటే ఏ పక్షో బల్లో ఎప్పుడో తినేసి ఉండాలి. కానీ తినలేకపోతున్నాయి. అమెరికా పరిశోధకులు రకరకాల మఖమల్ చీమల్ని కప్పలు, బల్లులు, పక్షులు, చుంచెలుకల్లాంటి జీవుల ముందు పెట్టి చూసి 2018లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు అన్నీ ఒకసారి నోట పట్టుకుని ఉమ్మేశాయి. కొన్నయితే దగ్గరికే రాలేదు.

ఎందుకంటే దీని దగ్గర ఒకటి కాదు, వరసగా చాలా ఏర్పాట్లున్నాయి. దూరం నుంచే 'జాగ్రత్త' అని చెప్పే రంగు మొదటిది. అయినా దగ్గరికొస్తే, పొట్ట మీది పలకల్ని ఒకదానితో ఒకటి రాసి కీచుమని చప్పుడు చేస్తుంది. ఒక పలక కింద గీకుడు ములుకు, రెండో దాని మీద ఆకురాయిలాంటి గరుకు గీతలు. పొట్టని ముందుకీ వెనక్కీ జరిపితే సంగీతం! అదీ వినకపోతే ఘాటైన వాసన వదులుతుంది. నోట్లో పెట్టుకుంటే గట్టి ఒళ్లు పళ్లకి జారిపోతుంది. ఈలోగా చివరి ఆయుధం బయటికొస్తుంది. ముల్లు! కుట్టే కందిరీగల ముళ్ల పొడవుల్ని పోల్చి చూసి 2018లోనే వచ్చిన మరో అధ్యయనంలో, ఒంటితో పోలిస్తే బాగా పొడవైన ముళ్లు డాసిముటిల్లాలవేనని తేలింది. ఒంటి పొడవులో సగం దాకా ఉండే ఆ ముల్లుని ఇది ఎటు కావాలంటే అటు తిప్పగలదు. ఏ మూల పట్టుకున్నా కుట్టగలదు.

నొప్పి సంగతి పైన చెప్పిన ష్మిట్‌కే బాగా తెలుసు. తేనెటీగలు, చీమలు, కందిరీగలు ఎన్నిటితోనో కుట్టించుకుని, ఏది ఎంత నొప్పో 4 మార్కుల కొలబద్ద తయారుచేసిన మనిషాయన. ఆ పనికి 2015లో ఇగ్ నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది! ఆ కొలబద్దలో తేనెటీగకి 2 మార్కులు, మఖమల్ చీమకి 3. అయితే చిత్రం, నొప్పి ఇంత ఉన్నా విషంలో ప్రాణం తీసే శక్తి చాలా తక్కువ. దీని బంధువు డాసిముటిల్లా క్లూగీ విషంతో పోలిస్తే ఎలుకల మీద తేనెటీగ విషమే సుమారు 25 రెట్లు ప్రమాదకరమని తేలింది. ఆవుల్ని చంపుతుందన్న పేరు ఎంత అన్యాయమో చూడండి! ఏ విషమైనా పడనివాళ్లుంటారు కాబట్టి కుట్టాక ఊపిరాడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు రావడం లాంటివి కనిపిస్తే మాత్రం డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

చంపలేని విషం అంత నొప్పి ఎలా పుట్టిస్తుంది? ఇండియానా యూనివర్సిటీ పరిశోధకులు 2025లో ఈ ముడి కొంత విప్పారు. ఈ జాతి విషంలో చాలా రకాల పెప్టైడ్లున్నాయి. అందులో ఒకటి పండ్ల ఈగ పిల్లల్లో నొప్పిని పసిగట్టే నాడుల తలుపుల్ని సూటిగా వెళ్లి తెరిచేస్తుంది. ఎలుకల మీద ఆ పెప్టైడ్ పనిచేయదు. వాటికి నొప్పి పుట్టించేవి వేరే పెప్టైడ్లు. అంటే పురుగు శత్రువుకి ఒక తాళంచెవి, ఎలుకలాంటి శత్రువుకి ఇంకోటి. ఒకే సీసాలో!

మొగుడూ పెళ్లాలకి వేరే ఇంటిపేర్లు

ఇక వాయిదా వేసిన కథ. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ ప్రాణికోటిని వర్గాలుగా విడగొట్టిన 'సిస్టమా నేచురే' పదో కూర్పులో ఈ పురుగుకి చోటిచ్చారు. ముటిల్లా ఆక్సిడెంటాలిస్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ముటిలస్ అంటే ఏదో ఒక భాగం కత్తిరించేసినది. ఆక్సిడెంటాలిస్ అంటే పడమటిది. యూరప్ నుంచి చూస్తే అమెరికా పడమరే కదా. 1899లో విలియం ఆష్‌మీడ్ అనే అమెరికా శాస్త్రవేత్త వెంట్రుకలు దట్టంగా ఉన్నదని అర్థం వచ్చేలా ముందు 'డాసి' తగిలించి డాసిముటిల్లా అనే ప్రజాతిని ఏర్పాటు చేశారు. లిన్నేయస్ దృష్టిని మెచ్చుకోవాలి. రెక్కలే లేని ఈ పురుగుని ఆయన చేర్చింది 'పొర రెక్కలవి' అని అర్థం వచ్చే హైమెనోప్టెరా వర్గంలో. చీమల ప్రజాతిలో మాత్రం కలపలేదు!

తర్వాత వచ్చినవాళ్లకి అసలు చిక్కు ఎదురైంది. వేసవి పగలు ఇసుకలో ఓ రెక్కల్లేని ఎర్రపురుగు దొరుకుతుంది. దానికో పేరు. పూల మీద ఎగురుతూ ఓ నల్లరెక్కల కందిరీగ దొరుకుతుంది. దానికింకో పేరు. రెండూ ఆలుమగలని చూసినవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఒళ్లు వేరు, పరిమాణం వేరు, చాలా జాతుల్లో రంగులు కూడా వేరు. అలా ఒకే జాతికి రెండు పేర్లు, పెట్టెలో రెండు అరలు ఏర్పడ్డాయి. ఎడారుల్లో రాత్రిపూట తిరిగే జాతులతో ఇంకా కష్టం. మగవి దీపాల వెలుగుకి ఎగిరొచ్చి గుట్టలుగా దొరుకుతాయి. ఆడవి నేలమీదే ఉండిపోతాయి.

జంటగా ఉన్నప్పుడు పట్టుకుంటే గొడవే లేదు కానీ ఆ కలయిక చూడటం అరుదు. కొందరు ఆడదాన్ని వల పంజరంలో పెట్టి, వాసనకి ఎగిరొచ్చే మగవాటిని పట్టారు. పెళ్లిచూపులు పెట్టినట్టన్నమాట! 2006లో యూటా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు డీఎన్ఏ సాయంతో ఆడ, మగల్ని జతపరిచే పద్ధతిని ప్రకటించాక పని వేగం అందుకుంది.

అదే డీఎన్ఏ ఇంకో తమాషా కూడా చూపించింది. 2013లో, మళ్లీ 2017లో కుట్టే జాతులన్నిటి జన్యువుల్నీ పోల్చి చూసిన అధ్యయనాల్లో అసలు చీమలకి దగ్గరి బంధువులు తేనెటీగలూ వాటి వైపు కందిరీగలేనని తేలింది. మఖమల్ చీమలేమో సాలీళ్లని వేటాడే కందిరీగల కొమ్మ మీద ఉన్నాయి. అంటే వంటింట్లో చక్కెర డబ్బా చుట్టూ తిరిగే చీమ తేనెటీగకైనా చుట్టమవుతుంది కానీ, ఈ పేరుకి చీమకి అంత దగ్గర కాదు.

వర్గీకరణకి రంగుని నమ్ముకోవడమూ కుదరదు. ఉత్తర అమెరికాలో సుమారు 350 మఖమల్ చీమ జాతుల్ని పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో వాటిలో చాలామటుకు 8 రకాల 'యూనిఫారాల్లో' సర్దుకుపోయాయి. ఒకే ప్రాంతంలో ఉండేవి, దగ్గరి చుట్టరికం లేకపోయినా, ఒకే వేషం వేస్తాయి. ఒకదాన్ని నోట పెట్టుకుని బుద్ధి తెచ్చుకున్న బల్లి ఆ రంగున్న మిగతావాటి జోలికీ పోదు. పాఠం ఒకరు చెబితే లాభం అందరికీ. ఎడారిలో తెల్లగా, దూదిపింజలా ఉండే డాసిముటిల్లా గ్లోరియోసా మాత్రం అక్కడి క్రియోసోట్ అనే పొద కాయల్ని అనుకరిస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఆ పొద అక్కడికి రాకముందే ఈ పురుగుకి తెలుపు ఉందనీ, ఆ తెలుపు ఎండని తట్టుకోవడానికనీ 2020లో తేల్చారు.

ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో నాలుగు వేలకు పైగా జాతులున్నాయి. బర్మా అటవీశాఖలో పనిచేసిన సైనికాధికారి చార్లెస్ థామస్ బింగ్‌హామ్ 1897లో బ్రిటిష్ ఇండియా కందిరీగలు, తేనెటీగల మీద రాసిన పెద్ద పుస్తకంలో మన ప్రాంతపు జాతులకీ చోటిచ్చారు. 2005లో రష్యా శాస్త్రవేత్త అర్కాడీ లెలెజ్ భారత్‌తో పాటు దక్షిణ, ఆగ్నేయాసియా జాతులన్నిటికీ కొత్త జాబితా వేశారు. అయినా ఆడదో మగదో ఒక్కటే తెలిసిన జాతులు ఈ కుటుంబంలో ఇప్పటికీ ఎన్నో. వాటి జోడీ ఏ మ్యూజియం పెట్టెలోనో, పక్క అరలోనే, ఇంకో పేరు చీటీ కింద సూదికి గుచ్చి ఉండొచ్చు.